లైటు అందే దూరం

పులివెందుల,
8 ఆగస్టు 1994

తమ్ముడు గంగులయ్యకు,

బాగోగులు తర్వాత అడుగుతాను, ముందు తిట్టనీ. ప్రొద్దుటూరికి పోయి వీడియో అంగట్లో చేరినప్పటి నుంచి అక్క అనేది ఒకతి ఉందని మరిచినావు. అమ్మను నీ దగ్గరే పెట్టుకున్నావు గదా, ఆమె చెప్తా ఉంటే రెండు ముక్కలు రాసి పడేస్తే నీ చెయ్యి అరిగిపోతుందా?

సరే, విషయం విను. నా కూతురు ఈశ్వరమ్మకు ఏడో నెల వస్తుంది. వచ్చే నెల సీమంతం, జమ్మలమడుగు పక్క వాళ్ల అత్తగారింట్లోనే. అక్కడ గాజులు తొడిగి, పురుటికి మన ఇంటికి పిల్చుకొని రావాల. నువ్వు కెమెరా తెచ్చి వీడియో తియ్యాల. దుడ్లు ఇవ్వను, మేనమామవు.

పెండ్లి ఎట్లా జరిగిందో నీకు తెలుసు గదా. మీ బావకు అన్న అయిన మనిషిని చంపిన కేసులో ఇప్పుడు మనకు వియ్యంకుడైన కుళ్లాయప్ప పేరు. వాళ్లు ఈ ఊరు ఇడిచిపెట్టి పెన్న ఒడ్డున మిద్దె కట్టుకున్నా, పగ మాత్రం ఈడే ఉండిపోయింది. పార్టీ పెద్దలు రెండు పక్కలా కూర్చోబెట్టి రాజీ అన్నారు, పిల్లను ఇచ్చి పుచ్చుకోండి అన్నారు. పోలీసోళ్లు చుట్టూ నిలబడి ఉంటే తాళి కట్టించినారు. ఫోటోలు తీసే అతను భయపడి సగంలోనే పారిపోయినాడు. నా కూతురి పెండ్లికి ఒక్క బొమ్మ లేదు. కానీ దేవుడు చల్లగా చూసినాడు, అల్లుడు మంచోడు. కుళ్లాయప్ప కొడుకని చెప్పినా నమ్మలేము. వాడి పేరెత్తితే నా బిడ్డ మొగం ఎర్రగా అవుతుంది.

ఒకటే చిక్కు. ఆ ఇంటికి కిటికీలు లేవు. కొట్లాటలు చూసినోడు కట్టుకున్న ఇల్లు గదా. మిట్టమధ్యాహ్నం కూడా లోపల మనిషి మొగం మనిషికి కనపడదు. అయినా ఇల్లంతా కనపడేట్టు తియ్యాల, చుట్టాలందరూ పడాల. నేనే కాదు, మీ బావ కూడా అదే మాట. "గంగులయ్యకు రాయి, ఇల్లంతా మూలమూలా పడల్ల" అన్నాడు. ఇట్లాంటివి ఎప్పుడూ అడగని మనిషి. తాత అయితాండాడు గదా, మెత్తబడినాడేమో.

అమ్మను తప్పకుండా తీసుకొని రా. "ముండమోసినదాన్ని, నేనెందుకే శుభానికి" అంటుంది. ఎప్పటి మాదిరే వెనక మూలకు కూర్చుంటుందిలే, రానీ.

నీ అక్క,
నాగేశ్వరమ్మ


ప్రొద్దుటూరు,
17 ఆగస్టు 1994

అక్కా,

నీ తిట్లు చేరాయి. అమ్మకు చదివి వినిపిస్తే కడుపారా నవ్వి, ఇంకో రెండు తన తరఫున కలిపింది.

చీకటింట్లో వీడియో తీయడం నువ్వు అనుకున్నంత తేలిక కాదు. కెమెరాకు మన కంటికి ఉన్నంత ఓర్పు లేదు. చీకటి చూస్తే బొమ్మంతా ఇసుక చల్లినట్టు అయిపోతుంది. అందుకే కెమెరా నెత్తిన చిన్న లైటు బిగిస్తాం. దానితో ఒక పీడ ఉంది. అది రెండు బారల దూరమే పోతుంది. ముందున్న మనిషి మొహం సున్నం పూసినట్టు తెల్లగా వస్తుంది, వెనక కూర్చున్నవాళ్లంతా బొగ్గు. పైగా నేరుగా కళ్లలో కొడుతుంది. పెండ్లికూతుళ్లు కళ్లు చికిలించి, తాళి కట్టించుకుంటున్నారో చింతకాయ కొరుకుతున్నారో తెలియకుండా ఉంటారు.

మా అంగడి యజమాని నబీ రసూల్ అన్న దీనికి ఒక మందు కనిపెట్టాడు. వెనక నల్లగా ఉందా, దాని మీద పువ్వు వేసేయ్. ఆయన మద్రాసు నుంచి వీడియో బొమ్మలు కలిపే మిక్సర్ ఒకటి తెప్పించాడు. మీట నొక్కితే చాలు, పెండ్లికొడుకు గుండె బొమ్మలో, పెండ్లికూతురు తామరపువ్వులో, అత్తగారు చుక్కలో. జనం ఎగబడి వేయించుకుంటున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది. మనుషుల్ని తీయమంటే పువ్వులు అమ్ముకోవడమేంది? నా చేత్తో తీసిన దాంట్లో ఇంతవరకు ఒక్క పువ్వు వేయలేదు, వేయను కూడా.

నేను వేరే దోవ కనిపెట్టాను. లైటును ముందుకు కాకుండా పైకి తిప్పాలి. పైన తెల్లది ఏదైనా ఉంటే వెలుతురు దానికి తగిలి, ఇల్లంతా మెత్తగా కిందికి దిగుతుంది. ఎవరి కళ్లలోనూ కొట్టదు. కాకపోతే మిద్దె లోపలి కప్పు పొగచూరి నల్లగా ఉంటుంది కదా. అందుకని దూలాలకు తెల్ల మల్లుగుడ్డతో చాందినీ కట్టిస్తాను. శుభకార్యానికి చాందినీ కడితే కాదనేవాళ్లు ఎవరు? అందరూ అలంకారం అనుకుంటారు, నాకు అది లైటు.

బావ అడిగాడంటే నమ్మలేకపోయాను. "బొమ్మలు తీసేది గూడా ఒక పనేనా" అని నలుగురిలో నన్ను ఎద్దేవా చేసిన మనిషి. ఆయన కోసమైనా మూల మూలా పడేట్టు తీస్తాను చూడు.

తమ్ముడు,
గంగులయ్య


ప్రొద్దుటూరు,
20 సెప్టెంబరు 1994

అక్కా,

సీమంతం రోజు నీతో రెండు మాటలు మాట్లాడే వీలు కూడా లేకపోయింది. నువ్వు ఆ ఇంట్లో బొంగరంలా తిరుగుతూనే ఉన్నావు. టేపు నిన్న అంగట్లో పెద్ద టీవీ మీద వేసి చూశాను. నేనే చెప్పుకోకూడదు గానీ, ఇంత మంచి పని ఇంతవరకు చేయలేదు. చాందినీ కింద ఇల్లంతా పాలు పోసినట్టుంది. గాజులు తొడిగించుకుంటూ ఈశ్వరమ్మ, వరసగా ఆడవాళ్లు, గోడలకు ఆనుకుని కుళ్లాయప్ప మనుషులు, వాళ్ల వెనక ధాన్యం బానలు కూడా లెక్కపెట్టేటట్టు వచ్చాయి.

ఆ బానల పక్కన, మిద్దె మీదికి వేసిన నిచ్చెన కింద, బొమ్మ అంచులో ఒక మనిషి. ముందు పోల్చుకోలేదు. అమ్మ! గాజు చేతికి ఎక్కక ఈశ్వరమ్మ "అబ్బా" అని మూతి తిప్పినప్పుడు అందరితో పాటు అమ్మ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి నవ్వింది. చీకట్లో ఉన్నాను, నన్నెవరు చూస్తారులే అనుకుని ఉంటుంది. అక్కా, మన దగ్గర అమ్మ ఫోటో ఒక్కటన్నా ఉందా? నాయన ఉన్నప్పుడు తీయించుకునే స్తోమత లేదు, పోయిన తర్వాత తనే ముందుకు రాలేదు. నేను ఊళ్లోవాళ్లందరినీ తీస్తాను, మన అమ్మను తీసింది ఇదే మొదలు, అదీ నాకు తెలియకుండా. నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను, ఏడుస్తావు.

ఇంకో మాట రాయాలా వద్దా అని రెండు సార్లు పెన్ను కింద పెట్టాను. సీమంతానికి ఆ గడప తొక్కని బావ ఈరోజు పొద్దున అంగడికి వచ్చాడు. టేపు చూపించమన్నాడు. సంతోషంగా కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఈశ్వరమ్మ మొహం వచ్చింది, బావ టీ ఊదుకుంటూ ఉండిపోయాడు. కాసేపటికి "ఆడ నిలుపు" అన్నాడు. నిలిపాను. "ఆ నిచ్చెన మిద్దె మీదికేనా?" అన్నాడు. అవునన్నాను. "వెనక తలుపు కనపడ్తాందే, దాని గడియ ఏ పక్కుండాది? కొంచెం ఎనక్కి తిప్పు." తిప్పాను. "మళ్లా." మళ్లీ తిప్పాను. బిడ్డ నవ్వుతున్న చోట ఒక్కసారి కూడా ఆపమనలేదక్కా. లేచేటప్పుడు టేపు ఇమ్మన్నాడు. కాపీ ఇంకా కాలేదని చెప్పి పంపించాను. అబద్ధం ఎందుకు చెప్పానో ఆ నిమిషంలో నాకే తెలియదు.

నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నానేమో. అలాగైతే ఇంకో ఉత్తరం నిండా తిట్టు, పడతాను.

గంగులయ్య


పులివెందుల,
29 సెప్టెంబరు 1994

గంగులయ్యా,

ఇది చదివినాక పొయ్యిలో వెయ్యి.

నువ్వు ఊహించుకోలేదు. నాకు ముందే అనుమానం ఉన్నింది, నేనే దాన్ని నోరు నొక్కి పెట్టినా. మీ బావ బిడ్డను పురుటికి తొందరగా తెద్దాం, తొందరగా తెద్దాం అని ఒకటే పోరు పెట్టినప్పుడు ముచ్చట అనుకున్నా. ఈ మధ్య వాకిట్లోకి కొత్త మనుషులు వచ్చిపోతా ఉంటే ఓట్లు వస్తాండాయి గదా, పార్టీ పని అనుకున్నా. నీ జాబు చదివినాక అన్నీ ఒక్క దోవలో కలిసినాయి.

అన్నం పెట్టి ఎదురుగా కూర్చొని అడిగినా. "కుళ్లాయప్ప ఇంటి నిచ్చెనతో నీకేం పని?" అని.

తల ఎత్తలేదు. "ఓట్లకు ముందర వాళ్లు మాట తప్పుతారంట. మనమే ముందరుండల్ల" అన్నాడు.

"ఎవురు చెప్పినారు?"

"చెప్పేటోళ్లు చెప్పినారు. మా అన్న పీనుగ మీద పడి నువ్వూ ఏడ్సినావు గదా. అప్పుడే మర్సిపోయినావా?"

"మర్సిపోలేదు. ఆ ఇంట్లో నీ అల్లుడుండాడు" అన్నా.

అప్పుడు తల ఎత్తి నన్ను చూసి "బిడ్డ ఈడుండాది గదా" అన్నాడు, తమ్ముడూ.

బిడ్డ ఈడుండాది గదా! కంచం ముందు నుంచి లేచి పెరట్లోకి పోయి, చెంబు నీళ్లు మొగాన కొట్టుకున్నా. నా బిడ్డ పక్కింట్లో గోరింటాకు నూరించుకుంటా ఉంది. దాని మొగుణ్ణి వీళ్లు ఎట్లా చంపాలని లోపల లెక్క కట్టుకుంటా ఉండారు. ఆ లెక్కకు దోవ చూపించమని నీకు రాసింది ఎవురు? నేను. ఇల్లంతా కనపడాల, మూలమూలా పడాల అని ఈ చేత్తోనే రాసినా. ఈ చెయ్యి ఇరిగిపోనీ.

ఆయన్ను రాక్షసుడు అనుకోవద్దు. అన్న పోయినాక నిద్రలో లేచి కూర్చుంటాడు, ఇప్పటికీ. భయం ఎక్కువై మనిషి ఇట్లా అయినాడు. కానీ భయపడే మనిషి చేతికి నా బిడ్డ సంసారాన్ని ఇయ్యలేను.

ఆ టేపు ఆయనకు దొరకకూడదు. ఇవ్వనంటే అనుమానం వచ్చి మనుషుల్ని పెట్టుకొని మీ అంగడి మీదికొస్తాడు, పాపం ఆ నబీ రసూలు బతుకు పోతుంది. ఇచ్చినట్టుండాల, ఇయ్యకూడదు. ఎట్లా చేస్తావో నాకు తెలీదు. ఆ కెమెరా విద్య నేర్సుకున్నోడివి నువ్వు.

అక్క


ప్రొద్దుటూరు,
18 అక్టోబరు 1994

అక్కా,

ఇచ్చినట్టూ ఉంది, ఇవ్వనట్టూ ఉంది. పువ్వులు వేశాను.

నవ్వకు. నబీ రసూల్ అన్న దగ్గరకు పోయి, "అన్నా, నాకు బుద్ధి వచ్చింది, సీమంతం టేపు మొదటి నుంచి చివరిదాకా నీ మిక్సర్‌లో వెయ్యి" అన్నాను. ఆయన నన్ను కౌగిలించుకున్నాడు. "ఇన్నాళ్లకు దోవకొచ్చినావు బిడ్డా" అంటూ కూర్చుని తన విద్యంతా చూపించాడు. ఈశ్వరమ్మ తామరపువ్వులో గాజులు తొడిగించుకుంటోంది. వియ్యపురాలు తిరుపాలమ్మ చుక్కలో హారతి ఇస్తోంది. కుళ్లాయప్ప అంతటి మనిషి గుండె బొమ్మలో మీసం తిప్పుకుంటున్నాడు. మిగిలిందంతా నలుపు. నిచ్చెన లేదు, తలుపు లేదు, గోడ లేదు. నేను కట్టించిన చాందినీ లేదు, ఇల్లంతా దిగిన ఆ మెత్తని వెలుతురూ లేదు. చూస్తూ ఉంటే నా బిడ్డను నేనే నీళ్లలో ముంచినట్టుంది. అయినా ముంచాను.

రెండు కాపీలు చేశాం. ఒకటి కుళ్లాయప్ప ఇంటికి పోయింది. తిరుపాలమ్మ రోజూ వేయించుకుని చూస్తోందట. రెండోది బావకు ఇచ్చాను. ఇక్కడే వేయమన్నాడు. వేశాను. "ఏందిరా ఇది, మనిషిని గుండెకాయలో పెట్టినావు? ఇల్లేదిరా?" అని అరిచాడు. "చీకటింట్లో ఇంతే బావా, వెనకంతా బొగ్గయింది, పువ్వులతో కప్పినాం" అన్నాను. "ఆ పొద్దు కనపడింది గదా!" అన్నాడు. నబీ రసూల్ అన్నే అందుకుని, ఇప్పుడు ఊరంతా ఈ మోడలే నడుస్తోందని, జమ్మలమడుగులో కూడా ఇదే అడుగుతున్నారని వాయించాడు. ఆయనకు సంగతేమీ తెలియదు, తన పువ్వుల్ని ఒక్క మాట అంటే ఊరుకోడు, అంతే. బావ లేచి "అసలు టేపు, పువ్వులు లేనిది, అది తీసిపెట్టు. దీపావళి అయినాక వస్తా" అని వెళ్లిపోయాడు.

అసలు టేపు నా పెట్టెలో ఉంది. చెరిపేస్తే తీరిపోతుంది, తెలుసు. మీద ఇంకేదైనా తీస్తే చాలు, కిందిది పోతుంది. రెండు సార్లు కెమెరాలో పెట్టి తీసేశాను. అమ్మ అందులోనే ఉందక్కా. అమ్మ వరకు కాపీ చేసుకుని ఆమె చుట్టూ ఒక పువ్వు వేద్దామని ఎంత చూశానో. ఆ మిక్సర్ పువ్వు బొమ్మకు నట్టనడుమనే విచ్చుకుంటుంది. అమ్మ ఎప్పుడూ అంచులోనే ఉంది. అమ్మను ఉంచితే పక్కన నిచ్చెన ఉంటుంది, వెనక తలుపు ఉంటుంది.

నువ్వు వచ్చి ఒక్కసారి చూసేదాకా ఉంచనా? నువ్వెలా అంటే అలా.

గంగులయ్య


జమ్మలమడుగు,
14 నవంబరు 1994

గంగులయ్యా,

ఊరి పేరు చూసి గుండె జారిందా? ఆసుపత్రిలో వరండాలో కూర్చొని రాస్తాండా. ఈశ్వరమ్మకు ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగుండారు. పిల్ల నల్లగా, గట్టిగా ఉంది, అరిస్తే పెన్న అవతలికి వినపడుతుంది.

పురుటికి పుట్టింటికి తెచ్చుకున్న బిడ్డను మళ్లా అత్తగారింటికి తోలుకొచ్చిన తల్లి ఈ సీమలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. దీపావళి అయిన మర్నాడు, మీ బావ పార్టీ మీటింగుకు పోయినప్పుడు, ఈశ్వరమ్మను ముద్దనూరు బస్సు ఎక్కించినా. బిడ్డకు చెప్పలేదు. "మొగుణ్ణి చూసొద్దాం పా" అన్నా, ఎగురుకుంటా వచ్చింది. పొంగిన కాళ్లతో ఆ గుంతల రోడ్డు మీద, అబ్బా, ఎంత మంది దేవుళ్లకు మొక్కినానో.

తిరుపాలమ్మ వాకిట్లో నిలబడి నోరు తెరిచింది. "ఇదేంది వదినా, పురుడు మీ ఇంట్లో గదా?" అనింది. "పిల్ల మొగుణ్ణి ఇడిచి ఉండలేనంటాంది" అన్నా. ఆమె నా మొగం వైపే శానాసేపు చూసింది. ఆ ఇంటి ఆడమనిషి, ఇట్లాంటివి చూడనిదా? "కూర్సో వదినా, నీళ్లు తాగు" అనింది. ఆ నీళ్లు సగం చీర మీదే పోసుకున్నా. ఆమె చెంబు కింద చెయ్యి పెట్టి పట్టుకునింది.

మీ బావకు కబురు చేసినా. నీ బిడ్డ ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంది, నేనూ ఆడే ఉంటా, ఇప్పుడు రా, నీ మనుషుల్ని తెచ్చుకో, అని. వారం పైన ఉలుకు లేదు, పలుకు లేదు. నిన్న ఆసుపత్రి గేటు కాడికి ఒక్కడే వచ్చినాడు. లోపలికి రాలేదు. పిల్లను ఎత్తుకపోయి చూపిస్తే ఏలు ఇచ్చినాడు, అది పట్టుకునింది. అంతే, పోయినాడు. ఆ ఏలు ఇడిపించుకోవడానికి మాత్రం శానాసేపు పట్టింది.

ఇంక నువ్వడిగింది. ఆయన ఈ పొద్దు మెత్తబడినాడు. రేపు ఎవురో ఒకరు వచ్చి చెవిలో ఊదుతారు. అప్పుడు ఆ టేపు గుర్తుకొస్తుంది. చెరిపెయ్. నేను చూడాల్సిన పని లేదు. అమ్మ నవ్వితే ఎట్లుంటుందో నాకు తెలుసు, చిన్నప్పుడు చూసినా. ఈ మాట రాసేదానికి ఎంతసేపు పట్టిందో నువ్వు అడగొద్దు, నేను చెప్పను. అమ్మకు మాత్రం తెలియనియ్యద్దు.

తొట్టిల పండుగ కుళ్లాయప్ప ఇంట్లోనే. నువ్వు రావాలంట. "ఆ పువ్వుల పిల్లోన్నే పిలవండి, ఆయప్ప తీస్తే మా ఇల్లు కనపడదు" అన్నాడంట కుళ్లాయప్ప. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. అమ్మను తీసుకొని రా.

అక్క


ప్రొద్దుటూరు,
11 డిసెంబరు 1994

అక్కా,

ఈ ఉత్తరంతో పాటు టేపు పంపుతున్నాను. తొట్టిల పండుగది. పువ్వులు లేవు. అదే టేపు. సీమంతం మీదనే, మొదటి నుంచి చివరిదాకా తీశాను. కిందిది పోయింది. బావ అడిగితే ఇదే అసలు టేపని చెప్పి చేతికివ్వు. అబద్ధం కాదు.

ఆ రోజు నువ్వు లోపలికి రానేలేదు. బావ గడప బయట అరుగు మీద కూర్చుంటే, ఎక్కడ లేచి పోతాడో అని నువ్వూ ఆయన పక్కనే కూర్చుండిపోయావు. అందుకే లోపల జరిగింది నీకు రాస్తున్నాను.

ఈసారి చాందినీ కట్టలేదు. లైటును నేరుగా ముందుకే తిప్పాను. రెండు బారలు. కుళ్లాయప్ప నా వెనకే నిలబడి లైటు ఎక్కడిదాకా పోతుందో చూసుకుంటున్నాడు. పోవడం లేదని తెలిసి తనే పక్కకు తప్పుకున్నాడు.

పిల్లను తొట్టిల్లో వేశారు. ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు ఊపారు. తిరుపాలమ్మ అటూ ఇటూ చూసి నన్ను అడిగింది. "ఏమప్పా, ఆ పువ్వుల టేపులో మీ యమ్మ యాడుండాది? ఎన్నిసార్లు ఎతికినానో, కనపళ్యా."

"మూలకు కూర్చున్నిందక్కా. లైటు అంత దూరం పోదు" అన్నాను.

"లైటు పోకపోతే మనిషి రావల్ల" అని, బానల పక్కకు పోయి అమ్మ చెయ్యి పట్టుకుంది. అమ్మ వెనక్కి గుంజుకుంటోంది. "నేనొద్దు తల్లీ, నొసట బొట్టు లేనిదాన్ని, పసిబిడ్డ ముందరికి..."

తిరుపాలమ్మ అరిచింది. నీకు బయటికి కూడా వినపడే ఉంటుంది. "మీ ఇంటోళ్లు నా మొగుని మీద కేసు పెట్టినారు. ఆ ఇంటి పిల్లనే నేను కోడల్ని చేసుకున్నా. దానికే భయపడనిదాన్ని, నీ బొట్టుకు భయపడతానా? రా!"

తెచ్చి నట్టనడుమ కూర్చోబెట్టి పిల్లను ఒళ్లో పెట్టింది. నేను దగ్గరగా పోయాను. లైటు మొహం మీద పడేసరికి అమ్మ ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంది. "తీసెయ్యమ్మా చెయ్యి" అన్నాను. తీయలేదు. అదే బొమ్మ మనకు మిగిలింది. సగం మొహం, మిగతా సగం అరచెయ్యి. ఆ మెత్తని వెలుతురులో నవ్విన అమ్మ పోయింది. ఇది కళ్లలో కొట్టే లైటులో చికిలించిన అమ్మ. అయినా నడుమనే ఉంది.

ఇంకొకటి చూడు. చివర్లో పిల్ల ఏడుపు ఎత్తుకున్నప్పుడు నేను గడప వైపు తిరిగాను. లైటు అందీ అందని చోట రెండు కాళ్లు కనపడతాయి. బావవి. చెప్పులు విడిచి ఉన్నాడు. లోపలికి వచ్చాడో లేదో నా కెమెరాకు తెలియదు, నువ్వు పక్కనే ఉన్నావు, నీకే తెలియాలి.

నిన్న అమ్మకు టేపు చూపించాను. టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చుని అందరినీ పేరుపేరునా పలకరించింది. తన దగ్గరికి వచ్చేసరికి "ఎవురప్పా ఆ ముసల్ది, చెయ్యి అడ్డం పెట్టుకోని? పిల్లను పడేసేట్టుండాదే" అంది.

"నువ్వేనమ్మా" అన్నాను.

అమ్మ టీవీకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, "మళ్లా తిప్పు" అంది.

గంగులయ్య